మూడుసార్లకు ఆగే స్టార్టర్

నాగలమడిక దాటినాక, ఎండిపోయిన ఏటి గట్టున ఒక ఒంటి గది ఉంది. తొంభై ఆరులో అక్కడ నేను రాత్రి బడి నడిపాను. వానల్లేక శెనక్కాయ పోయింది, ఊరు బెంగళూరు పనులకు పోయింది. చివరికి నాకు మిగిలిన విద్యార్థి ఒక్క ఓబమ్మవ్వ. ఆమెతో వేలిముద్ర వేయించుకుని ఎవరో చేను రాయించుకున్నారు. చచ్చేలోగా సంతకం నేర్చుకోవాలని ఆమె పంతం.

బోరు మోటార్లు తిరిగితే వోల్టేజి పడిపోయేది. పాత స్టార్టరైతే ట్యూబులైటును ఆపకుండా మినుకుమినుకుమనిపించేది. విసిగి పావగడ నుంచి ఎలక్ట్రానిక్ స్టార్టర్ తెచ్చాను. అది ముందు ట్యూబు రెండు కొనలనూ ఎర్రగా కాగనిచ్చి, తర్వాత ఒక్క దెబ్బకు వెలిగిస్తుంది. వెలగలేదా, మూడుసార్లు చూసి ఊరుకుంటుంది. ట్యూబు మాడిపోకుండా అది చేసే జాగ్రత్త. మళ్లీ కదలాలంటే స్విచ్చి ఆపి వేయాలి.

"మూడుసార్లకే అలిసిపోతాదా? నేనైతే అడగతానే ఉంటా టీచరమ్మా. నాకు లెక్క రాదు గదా" అని నవ్వింది అవ్వ.

పోయేముందు స్టార్టర్ పీకి బ్యాగులో వేసుకునేదాన్ని. వదిలితే దొంగలు ఎత్తుకుపోతారని అవ్వే రోజూ గుర్తుచేసేది.

ఒక సాయంత్రం పావగడలో నా ఉపన్యాసం. పేదల అక్షర హక్కు మీదే! లైటు మూడుసార్లు కొట్టుకుని ఆగింది. అవ్వ పలక మీద వంగి ఉంది. "ఇంక వెలగదవ్వా. రేపు" అన్నాను. ఆమె చూడకుండానే స్టార్టర్ పీక్కుని బస్సుకు పరుగెత్తాను.

పొద్దున ఆమె స్విచ్చిబోర్డు కింద శవమై దొరికింది. బోర్డు మూత ఎప్పుడో పగిలింది. కరెంటు కొట్టిందన్నారు. స్టార్టర్ లేని లైటు కోసం చీకట్లో ఎన్నిసార్లు స్విచ్చి వేసి చూసిందో... స్టార్టర్ ఏదని నన్నెవరూ అడగలేదు. వేదికల మీద అంత గొంతున్నదాన్ని, నేనూ చెప్పలేదు.

నాలుగు నెలల తర్వాత దాన్ని మళ్లీ పెట్టడానికి వెళ్లాను. పొద్దుగూకింది. ఏట్లో కుక్క కూడా లేదు. గదిలో సుద్దముక్కల వాసన, గబ్బిలాల వాసన. స్టూలెక్కి స్టార్టర్ బిగించాను. స్విచ్చి వేసి, ఫ్యానూ వేసి, నల్లబల్ల దగ్గర నిలబడ్డాను.

కొనలు ఎర్రబడ్డాయి. ఒకటి. రెండు. మూడు. ఆగింది.

చీకటి.

తలుపు పక్క బోర్డు దగ్గర... టక్. టక్.

కొనలు మళ్లీ ఎర్రబడ్డాయి.

దయ్యాల్లేవని వాదించి కాలేజీలో కప్పు గెలిచినదాన్ని. కరెంటు ఒక్క క్షణం పోయి వచ్చుంటుంది అనుకున్నాను. కానీ తల మీద ఫ్యాను కిర్రు కిర్రుమని తిరుగుతూనే ఉంది. ఒక్కసారి కూడా తడబడలేదు.

మూడు. ఆగింది.

టక్. టక్.

ఆ ఎర్రటి గుడ్డి వెలుతురులో బోర్డు కనిపిస్తోంది. దగ్గర ఎవరూ లేరు.

"ఇంక వెలగదవ్వా" అని గొణిగాను. 'రేపు' అని మాత్రం అనలేకపోయాను.

టక్... టక్... టక్...

ఎలా బయటపడ్డానో తెలీదు. స్టార్టర్‌ను అలాగే వదిలేసి రోడ్డెక్కాను. బస్సు ఎక్కి, రుమాలు కోసం బ్యాగు తెరిచాను.

అడుగున స్టార్టర్ ఉంది. వెచ్చగా. దాని మీద సుద్దపొడి.

నేను పీకలేదు. స్టూలెక్కినా అవ్వకు అంత ఎత్తు అందదు.

వెనక్కి తిరిగి చూశాను. దూరంగా గట్టు మీద గది కిటికీ ఎర్రబడి ఆరింది. మళ్లీ ఎర్రబడింది. స్టార్టర్‌ను గుప్పిట్లో బిగించి లెక్కపెట్టాను.

ఒకటి. రెండు. మూడు.

నాలుగు...