శాంతాంగి విప్పిన పూట

వకుళ చేతులు చాచింది. కొక్కేనికి వేలాడుతున్న శాంతాంగి తనంతట తానే ఎక్కి భుజాలు సర్దుకుంది, మెడ దగ్గర బొత్తాం పెట్టుకుంది, వెన్నుమీద చల్లగా పాకి గుండెకు తాళం వేసింది. తాళం అంటే కప్పా, లయా అని అడగకండి. రెండూ వేసింది.

కాకినాడకు ఎదురుగా కడలి అడుగున ఉన్న ఉష్ణకేంద్రంలో ఇంజనీర్లందరికీ భయం తెలియనివ్వని ఈ అంగీయే ఉడుపు. అంగీ లేనిదే అంగీకారం చెల్లదు. భయపడే చెయ్యి మీట మీద పడకూడదని నియమం. అందుకే మీట మనిషి మాట వినదు, అంగీ మాట వింటుంది. ఉద్యోగంలో ఉద్వేగానికి చోటు లేదు.

ఈ పూట పని పెద్దది. నేల లోపలి వేడినీటి ధారను పూర్తిగా వదలాలి. మీటల గదిలోని రెండు అంగీలూ ఒప్పుకుంటేనే దాని ద్వారం తెరుచుకుంటుంది. రెండో అంగీలో ఉన్నది ప్రధాన ఇంజనీరు పేర్రాజు.

"చూశావా అమ్మా, ఒత్తిడి ముల్లు? మునీశ్వరుడిలా కూర్చుంది. పొద్దుట్నుంచీ పిసరంత కదిలితే ఒట్టు!" అన్నాడాయన మురిసిపోతూ.

"ముచ్చటగా ఉందండి," అంది వకుళ. నిజంగానే ముచ్చటేసింది.

ఇంతలో, పక్క సొరంగంలో ఆ ధార పారే గొట్టాల బిగింపులు చూస్తున్న మస్తాన్ గొంతు స్పీకర్లో పలికింది. "మేడంగారండోయ్! ఇక్కడ గోడ కాలిపోతోందండి. చెయ్యెట్టలేకపోతున్నాను. వచ్చేయమంటారా?"

"ముల్లు బాగానే ఉందయ్యా. పని కానియ్," అన్నాడు పేర్రాజు.

"మీ ముల్లుకేవండీ, కాలడానికి చెయ్యా కాలా!"

వకుళ విన్నది. విందులో పప్పు చాలలేదన్న కబురు విన్నంత తేలిగ్గా విన్నది. మస్తాన్ చచ్చిపోతాడేమో అన్న ఆలోచన చల్లగా వచ్చింది, చల్లగా వెళ్లిపోయింది. ఆ వెళ్లిపోవడమే ఆమెకు వింతగా తోచింది. ఒక మనిషి చస్తాడేమో అనుకుంటే కాళ్లు వణకవేం?

బొత్తాం మీద చెయ్యి వేసింది.

"ఏం చేస్తున్నావు తల్లీ! ఒప్పుకోలు సగంలో ఉంది!"

"ఒక్కసారి నా గుండెతో చూస్తానండి."

అంగీ ఊడింది. ఇన్నాళ్ల ఆకలితో ఉన్న భయం ఆవురావురుమంటూ మీద పడింది. ఆ భయం కళ్లతోనే ముల్లును చూసింది. కింద ధార ఉరుకుతుంటే ముల్లు వణకాలి. వణకని ముల్లు ముని కాదు, శవం. అంగీలో ఉన్నంతసేపూ కదలనిదల్లా కుదురుగా ఉన్నట్టే కనబడింది, ఆమెకీ ఆయనకీ కూడా.

"ముల్లు చచ్చిందండీ! మస్తాన్, పరిగెత్తు! సామాను వదిలేయ్!"

"తొడుక్కో అమ్మా. తొడుక్కుని, తీరిగ్గా ఆలోచించు," అన్నాడు పేర్రాజు నెమ్మదిగా. ఆయన అంగీ ఆయన్ని అరవనివ్వదు మరి.

"తొడుక్కుంటే మళ్లీ ముచ్చటేస్తుందండి. ఆపబుద్ధి కాదు."

అంగీ ఆమె చేతిలో గింజుకుంది, చంకలోకి పాకబోయింది. వకుళ దాన్ని చుట్టచుట్టి కింద పడేసి, దాని మీద బాసిపట్టు వేసుకుని కూర్చుంది. రెండో ఒప్పుకోలు రాక ద్వారం మూసినది మూసినట్టే ఆగిపోయింది.

సొరంగంలో ఏదో పెట్లింది. ఆవిరి బుస్సుమంది. పరిగెడుతున్న అడుగుల చప్పుడు, తలుపు మూసుకున్న మోత, ఆ తర్వాత దగ్గు.

"బయటపడ్డానండి," అన్నాడు మస్తాన్ రొప్పుతూ. "గోడ బద్దలైపోయిందండి, నేనున్న చోటే."

వకుళ ముఖం చేతుల్లో దాచుకుంది. అప్పుడు గదిగోడలోంచి వ్యవస్థ అడిగింది: "అంగీ ఖాళీగా ఉంది. కారణం? జబ్బా, సెలవా, మరణమా?"

"భయం," అంది వకుళ.

ఆ జవాబుకు దాని దగ్గర గడి లేదు. తెలియనిది ఎదురైతే అందరినీ అడగమని దానికి నేర్పారు. కడలి అడుగున ఉన్న కేంద్రాలన్నింటిలో మీటలు బిగుసుకున్నాయి. ప్రతి అంగీ తన మెడపట్టీలోంచి లోపలి మనిషిని అడిగింది:

"మీకూ భయం వేస్తోందా?"

పేర్రాజు జవాబు చెప్పబోయాడు. వేస్తోందో లేదో ఆయనకే తెలియలేదు. మెడ దగ్గర బొత్తాం తడుముకున్నాడు.