మేగన్న గుట్ట పాదాలు

వాన వెలిసిన మర్నాడు, మేగన్న గుట్ట కింది వంకలో మేకలకు నీళ్ళు తాపుతుంటే సుంకులమ్మ కాలికి ఏదో గట్టిగా తగిలింది. వంగి తీసింది. వెండి కడియం. బురద రుద్దింది. అంచున ఒక సొట్ట కనపడింది.

ఆ సొట్ట ఆమె పెట్టిందే. చిన్నప్పుడు జాతరకు వెంట తీసుకుపోలేదని అలిగి, అన్న కడియాన్ని బండ మీద పెట్టి గుండ్రాయితో కొట్టింది. అన్న కొట్టలేదు, తిట్టలేదు. నవ్వి, ఆ సొట్ట కడియమే మళ్ళీ తొడుక్కున్నాడు.

"అన్నా!" అని ఆమె పెట్టిన కేకకు మేకలు చెల్లాచెదురయ్యాయి.

అన్న బీమన్న కనపడకుండా పోయి ముప్పై ఏళ్ళయింది. గుట్టలో మేగన్న సామి బంగారం ఉందని పోయాడు, రాలేదు. ఊరు ఏమంది? దేవుడి సొమ్ము తవ్వుకుని బళ్ళారికి పారిపోయాడంది. తండ్రిని నలుగురిలో నిలబెట్టి ఉమ్మేసింది. తల్లి "దొంగ తల్లి" అనిపించుకునే చచ్చిపోయింది. పెద్దింటి కొడుకు తప్పిపోయుంటే గుట్టనంతా జల్లెడ పట్టేవాళ్ళు. బోయోళ్ళ పిల్లోడు తప్పిపోతే కథ అల్లారు. కథ అల్లడానికి పగ్గం అక్కర్లేదు, దీపం అక్కర్లేదు, కాళ్ళు నొప్పిపుట్టవు.

ఆ వంక పుట్టేది గుట్టలో గవి అనే గుహ నోటి కింద, బండల సందులో. అంటే కడియం గుట్ట లోపల్నుంచి వచ్చింది. కడియం లోపలుంటే మనిషి బళ్ళారికి ఎట్లా పోతాడు?

సుంకులమ్మ ఇద్దరికి కబురు పెట్టింది. ఒకడు వన్నూరప్ప, మేనమామ కొడుకు. బావులు తవ్వేవాడు. నోరు పెద్దది, భుజం అంతకంటే పెద్దది. రెండోవాడు ధరణప్ప. రాయదుర్గంలో ఇత్తడి సామాన్ల అంగడి పెట్టుకున్న జైనుడు. ఏటా ఒకసారి బస్సు దిగి, ఒక్కడే గుట్టెక్కి, గవిలో చెక్కిన పాదాల ముందు పిడికెడు బియ్యం పోసి దిగిపోయే ముసలాయన. లోపలి దారి అంతో ఇంతో తెలిసినవాడు ఆయనొక్కడే.

పొద్దున్నే పగ్గం, టార్చిలైటు పట్టుకుని ముగ్గురూ కదిలారు. ముందర ధరణప్ప. చేతిలో నెమలీకల కుంచె. అడుగు వేసే ముందు నేలను అట్లా అట్లా ఊడ్చి, అప్పుడు పాదం మోపుతాడు.

"ఏం సామీ, గుట్టంతా కసువూడుస్తావా ఏంది?" అన్నాడు వన్నూరప్ప. "ఈ లెక్కన గవి చేరేటప్పటికి నాకు మనవళ్ళు పుడతారు."

"చీమలుంటాయప్పా. వాటికీ ఇల్లుంది, పిల్లలున్నాయి."

"నాకూ ఉన్నాయి గదా, నన్నెవరూ ఊడ్చి నడవరే!"

"గమ్మున నడువు బావా," అంది సుంకులమ్మ. "సామి పొద్దు మునిగినాక అన్నం ముట్టడు. ఆలోపల తిరిగి రావాల."

కలేకాయ పొదలు దాటారు. సీతాఫలం చెట్లు దాటారు. ప్రతి బండా ఆమెకు తెలుసు. ఈ బండ మీదే అన్న వెల్లకిలా పడుకునేవాడు. ఈ పొదలోనే కలేకాయలు కోసి, పండినవి ఆమె ఒడిలో పోసి పచ్చివి తాను తినేవాడు. నాలుక మడిచి, రెండు వేళ్ళు పెట్టి, మేకలను ఇంటికి తిప్పే ఈల నేర్పింది ఇక్కడే. ఎన్ని దినాలో ఆమెకు గాలే వచ్చింది, ఈల రాలేదు. వచ్చిన పొద్దు అన్న ఆమెను భుజాన ఎత్తుకుని గుట్ట దిగేదాకా దించలేదు.

మేగన్న సామి కథ చెప్పింది కూడా అన్నే.

"ఆ సామి గోచి కూడా ఎందుకు కట్టుకోడు?" అని ఆమె అడిగితే, "చలికి వణుకుతాండే గొర్రెపిల్లకు కప్పినాడంట," అన్నాడు బీమన్న.

ఆ మాట ఇప్పుడు చెప్తే ధరణప్ప నవ్వాడు. "మా ఇండ్లల్లో చెప్పేది వేరే తల్లీ. ఆయన పేరు మేఘనంది. కోశాధికారి కొడుకు. చిన్నప్పటినుంచి తాళాలు, కాపలాలు, అనుమానాలు చూసి చూసి రోత పుట్టింది. ఉన్న వస్తువు మనిషిని కాపలాకుక్కను చేస్తుందని అన్నీ వదిలినాడు. ఆఖరికి బట్ట కూడా."

"మల్ల మా అన్న చెప్పింది అబద్ధమా?"

"ఎందుకైతాది? ఇదో, ఈ గుట్టను చూడు. మీ ఊరి నుంచి పండుకున్న ఎనుము మాదిరి ఉంటాది. ఆ పక్క ఊరోళ్ళకు బోర్లించిన గంప. ఒకసారి ఈ గుట్ట ఎవరిదని ఇద్దరు రాజులు కత్తులు దూసినారంట. మేఘనంది ఆ రాజును ఈ పక్కకు, ఈ రాజును ఆ పక్కకు పంపించి, చూసొచ్చి చెప్పండన్నాడు. ఇద్దరూ తమ గుట్ట కాదని తిరిగొచ్చినారు! ఏ మాటైనా ఒక పక్కనుంచే నిజం. రెండో పక్క చూడనోడు కొట్లాటకు దిగుతాడు. అదీ ఆయన చెప్పింది."

సుంకులమ్మ ఆగి, కొంగు బిగించింది. "మా అన్న దొంగ అన్నారు సామీ. ముప్పై ఏండ్లు ఒక పక్కే చూసినారు. రెండో పక్క చూడనీకే నేను పోతాండా. నడువు."

గవి నోటి దగ్గర నేలంతా గుంతలు. మాడిన నిమ్మకాయలు, పసుపు, విరిగిన గడ్డపార. నిధి ఉందని ఎవడో చెప్పగానే వచ్చి తవ్విపోయే వెధవల పని. గోడకు చెక్కిన సామి బొమ్మకు తల లేదు. తలలో వజ్రం ఉందని పగలగొట్టారు. బట్ట కూడా వద్దని పోయినవాడు తలలో వజ్రం దాచుకుంటాడా? ఆ మాత్రం ఆలోచన ఉంటే గడ్డపార ఎందుకు పట్టుకుంటారు!

లోపల బండ మీద పాదాలు. జంటలు జంటలుగా, వరసగా చెక్కిన పాదాలు. అన్నింటి వేళ్ళూ ఒకే వైపు, గవి లోపల నల్లగా నోరు తెరుచుకున్న సందు వైపు.

"చూసినారా!" వన్నూరప్ప గొంతు గవిలో గుండ్రంగా తిరిగింది. "సామి నడిచిపోయిన దారి. వేళ్ళు ఎటో బంగారం అటు. మా తాత చెప్పేటోడు!"

"అందరి తాతలూ అదే చెప్పినారు," అన్నాడు ధరణప్ప. "ఇవి నడిచే పాదాలు కావప్పా. ఆగిపోయినవి. మునులు ముసలితనంలో అన్నం నీళ్ళు ఒక్కొక్కటే మాని, కూచుని, ప్రాణం వదిలిన చోట్లు. ఒక్కొక్కరికి ఒక్కొక్క జత. ఉత్తరం తిరిగి కూచుంటారు, అందుకే వేళ్ళు ఉత్తరానికి ఉంటాయి. దారి చూపనీకి కాదు. మేఘనంది ఆఖరికి కూచున్నది ఇదో, ఈ గోడవార. ఆ సందులో ఏముందో నాకు తెలీదు. మా వాళ్ళెవరూ పోరు."

సుంకులమ్మ ఆ పాదాలకు చెయ్యి తాకించి కళ్ళకద్దుకుంది. తర్వాత సందు వైపు తిరిగింది.

"మా అన్నకు ఇది తెలీదు గదా? ఊరందరి మాదిరే వేళ్ళెంట పోయింటాడు. తప్పుదారైతే తప్పుదారి. వాడు ఎట్ల పొరబడినాడో మనమూ అట్లనే పోవాల. నాకు సామి బంగారం వద్దు."

ధరణప్ప ఆమె ముఖం చూశాడు. కుంచె తీసుకుని తానే ముందు నడిచాడు.

సందు ఇరుకు. గబ్బిలాల కంపు. టార్చిలైటు వెలుగులో గోడలు చెమట పోసినట్టు మెరుస్తున్నాయి. కింద గబ్బిలాల పెంట మెత్తగా, ఎత్తుగా పరుచుకుని ఉంది. ధరణప్ప ఊడుస్తున్నాడు, అడుగు వేస్తున్నాడు, ఊడుస్తున్నాడు. వన్నూరప్ప విసుక్కోబోయాడు. అంతలో కుంచె కింద టింగుమని మోగింది.

వన్నూరప్ప దూకి తీశాడు. బంగారు నాణెం! ఇంకొంచెం ఊడిస్తే ఇంకొకటి. గోడవార మరొకటి.

"సుంకూ! దొరికింది! మన దరిద్రం తీరిపాయ!" ముందుకు ఉరకబోయాడు.

"ఆగు!" ధరణప్ప ఒక చేత్తో వాడి నడుం పట్టుకుని వెనక్కి లాగాడు. కుంచె కొస గాలిలో వేలాడుతోంది. దాని కింద నేల లేదు. పెంట పొర తెగి బొళుక్కున కిందికి రాలింది. ఎంతకో గాని చప్పుడు రాలేదు.

వన్నూరప్ప వెనక్కి జరిగాడు. "చీమల్నే కాదు సామీ," అన్నాడు, "నన్నూ ఊడ్చి కాపాడితివి."

గుంతలోకి లైటు కొట్టారు. అడుగున, నీళ్ళు జారిపోయే సన్న సందు పక్కన, ఇత్తడి బిందె ఒరిగి ఉంది. చుట్టూ పసుపు మెరుపు. దానికి చేతికందే ఎత్తులో ఒక పలక బండ. ఆ బండ మీద గోడకు ఆనుకుని, కూర్చున్నట్టుగా ఎముకలు.

సుంకులమ్మ ఏడవలేదు. చేతిలోని కడియాన్ని గట్టిగా పట్టుకుంది.

"పగ్గం కట్టు బావా. నేను దిగుతా."

"నువ్వా? నేను దిగుతాలే."

"నిన్ను పైకి లాగేదెవరు? నేనూ ఈ ముసిలాయనా? కట్టు!"

వన్నూరప్ప పగ్గాన్ని స్తంభంలాంటి రాతికి చుట్టి, బావిలో మనిషిని దింపినట్టు మూర మూర వదిలాడు. ఆమె పలక మీద దిగింది. అన్న కుడికాలి ఎముక మధ్యలో విరిగి ఉంది. చేతికందేంత మేర బండ నున్నగా, శుభ్రంగా ఉంది. ఒక్క గులకరాయి లేదు. అప్పుడు ఆమెకు అర్థమైంది.

"బావా! ఆ నాణేలు పైన పడినవి కావు. వీడు విసిరినవి." "ఈడ రాళ్ళు లేవు. కాలు విరిగింది. ఎవరైనా వింటారేమోనని బంగారం విసిరినాడు! ఒక్కొక్కటే విసిరినాడు బావా!"



వెతికేందుకు ఒక్కడొచ్చినా ఆ చప్పుడు వినేవాడు. ఊరు అప్పుడు బళ్ళారి కథ చెప్పుకుంటోంది.

ధరణప్ప గుంత అంచున వంగి అన్నాడు. "సభలో ఏదో వాదం గెలిచినందుకు మేఘనందికి ఒక రాజు బిందెడు బంగారం పంపినాడంట తల్లీ. శిష్యులు ఏం చేయాలంటే, ఎవరికీ అడ్డం రాని చోట పారేయండన్నాడంట మేఘనంది. పారేసినారు. వెయ్యేండ్లకు మీ అన్నకు అడ్డమొచ్చింది. ఆయన కూడా ఒక పక్కే చూసినాడేమో."

అప్పుడే గుట్ట మీద ఉరిమింది. పైకప్పు చీలికలోంచి నీళ్ళు చెంబుతో పోసినట్టు, తర్వాత కుండలు కుమ్మరించినట్టు పడ్డాయి. గుంత అడుగున బిందె తేలి గోడకు కొట్టుకుంది.

"వాన! గుంత నిండుతాది! సుంకూ, బిరిన రా!"

ఆమె పైకొంగు చించి పరిచింది. ఎముకలు ఒక్కొక్కటే ఏరింది. నీళ్ళు పలకను తాకాయి. చీలమండలు మునిగాయి. బిందె తేలుతూ వచ్చి ఆమె కాలికే తగిలింది. దోసెడు బంగారం ఇంకా అందులోనే ఉంది.

"బిందె!" పైనుంచి వన్నూరప్ప అరిచాడు. "బిందె చేతికే వచ్చింది! ముందు దాన్ని కట్టు! ఎముకలు యాడికీ పోవు!"

"ముప్పై ఏండ్లు యాడికీ పోలేదు, చాలు!" సుంకులమ్మ మూట పగ్గానికి కట్టింది. "లాగు! అన్న ముందు!"

వాడు పళ్ళు కొరికాడు. ఏదో తిట్టు తిట్టాడు. కాని లాగాడు. మూట పైకి చేరగానే మోకాళ్ళమీద కూర్చుని, పసిబిడ్డను దించినట్టు దించాడు. పగ్గం మళ్ళీ వదిలాడు. అప్పటికి నీళ్ళు ఆమె రొమ్ము దాకా వచ్చాయి. బిందె నిండి, ఒక్కసారి బుడగలు కక్కి మునిగిపోయింది. ఆమె దానివైపు చూడలేదు. పగ్గం నడుముకు చుట్టుకుంది.

"ఇంగ లాగు!"

ముసలాయన కుంచె పారేసి పగ్గం పట్టాడు. అరచేతులు చీరుకుపోయాయి. ఆమె అంచు పట్టుకుని పైకి పాకింది. మూట చంకనెత్తుకుంది. వెనక నీళ్ళు హోరుమంటుంటే మోకాళ్ళ లోతు ప్రవాహంలో గోడలు తడుముకుంటూ, పాదాలు చెక్కిన బండ దాటి, వాన వెలుతుర్లోకి వచ్చిపడ్డారు.

గవి బయట వన్నూరప్ప తువ్వాలు ముడి విప్పాడు. ఏరుకున్న నాణేలు అందులోనే ఉన్నాయి. ఎవరూ అడగలేదు. వాటిని గవిలోకి విసిరేశాడు.

"నాకెందుకు? అవి మీ అన్న పెట్టిన కేకలు."

ఊరు ఎదురొచ్చింది. ఊరికి ఎప్పుడూ తొందరే. "ఏం దొరికింది? ఏం దొరికింది?"

"మా అన్న దొరికినాడు," అంది సుంకులమ్మ. మూట విప్పి, విరిగిన కాలి ఎముక తీసి చూపించింది. పక్కనే సొట్ట కడియం పెట్టింది. "ఈ కాలితో బళ్ళారికి ఎట్ల నడిచినాడో ఎవరైనా చెప్పండి."

ఆమె తండ్రి మీద ఉమ్మినవాళ్ళలో ఇంకా బతికున్న ఒక ముసలాడు కర్ర మీద వంగి, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

గుట్ట మొదట్లో బీమన్నను పూడ్చారు. వన్నూరప్ప ఒక బండ తెచ్చి, ఉలితో పాదాల జత చెక్కాడు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది అయ్యాయి. బావులు తవ్వే చేతికి అంతకంటే నాజూకు రాదు.

"ఉత్తరానికి పెట్టప్పా," అన్నాడు ధరణప్ప.

"వద్దు సామీ," అంది సుంకులమ్మ. "ఊరి వైపు పెట్టు బావా."

"పాదాలు నడిచేవి కావు తల్లీ, ఆగినవి..."

"మీ ముని ఆగాలని ఆగినాడు. మా అన్న ఇంటికి రావాలనుకుంటానే ఆగిపోయినాడు."

ధరణప్ప వంగి తానే ఒక పక్క చెయ్యి వేసి బండను ఊరి వైపు తిప్పాడు. సంచిలోంచి పిడికెడు బియ్యం తీసి పాదాల ముందు పోశాడు. పొద్దు మునిగిపోయింది. ఆ పూట ఆయనకు పస్తే.

మేకలు వచ్చి బియ్యం మీద పడ్డాయి. వన్నూరప్ప కట్టె ఎత్తాడు.

"తిననీ," అన్నాడు ధరణప్ప.

తిన్నంతసేపు తిననిచ్చి, సుంకులమ్మ నాలుక మడిచి, రెండు వేళ్ళు నోట్లో పెట్టింది. ఈల గుట్టకు తగిలి తిరిగొచ్చింది. మేకలు తలలెత్తి, పాదాల వేళ్ళు ఉన్న వైపే ఇంటికి నడిచాయి.