పొద మీది దుప్పటి

1994 డిసెంబరు మూడో తేదీ, శనివారం. భూమధ్యరేఖకి దక్షిణాన ఉన్న ఆ ఎడారి దేశంలో డిసెంబరంటే నడివేసవి. పొద్దున ఎనిమిది గంటలకే ఎండ నలభై డిగ్రీలు దాటింది. గాలి లేదు. ఆకాశం తోమిన గిన్నె అడుగులా తెల్లగా ఉంది. పడమట ఇసుక దిబ్బల మీద మాత్రం సన్నటి గోధుమరంగు గీత ఒకటి కనిపిస్తోంది. దాన్ని చూసి తొమ్మిదో నంబరు బోరు దగ్గరి ముసలివాళ్ళు, సాయంత్రంలోగా దుమ్ము లేస్తుందన్నారు. ముసలివాళ్ళ మాట ఎప్పుడు చెల్లింది గనక? ప్రయాణం పెట్టుకున్నవాడి కళ్ళు దారి మీదే ఉంటాయి.

లెస్టర్‌ది అత్తగారిని ఇంటికి చేర్చాలన్న తొందర. ఆమె అన్నగారు పోయి పన్నెండు రోజులైంది. ఆ పన్నెండు రోజులూ ఆమె బోరు అవతలి ఏడుపు శిబిరంలో నేల మీదే కూర్చుంది, నేల మీదే పడుకుంది. ఒంటికి రాసుకున్న తెల్లసున్నం చెమటకి కారి చారలు కట్టింది. మనిషి సగమైంది. "మా అమ్మని మింటిజర్రా చేర్చు. మళ్ళీ తిండి తినేదాకా తనని ఒంటరిగా వదలొద్దు" అంది లెస్టర్ భార్య నోరీన్. మింటిజర్రా అక్కడికి నూట ఎనభై కిలోమీటర్లు. దారి అంటే బళ్ళు తొక్కిన రెండు చాళ్ళు, అంతే.

పోయినాయన పేరు ఇక్కడ కూడా వద్దు. పేరు పలికితే తననే పిలుస్తున్నారనుకుని పోయినవాళ్ళు వెనక్కి తిరుగుతారు. మింటిజర్రా బడిలో అదే పేరున్న పంతులు ఒకడుండేవాడు. పాపం, రెండేళ్ళపాటు హాజరు పట్టీలో తప్ప అతనికి ఎక్కడా పేరు లేదు. పిల్లలు "పేరు లేని సారూ" అని పిలిచేవాళ్ళు. మొదట్లో చిన్నబుచ్చుకున్నాడు గాని, వెళ్ళిపోయేటప్పుడు ఆ పిలుపుకే ఏడ్చాడట.

బండి బయలుదేరాలంటే తెర కావాలి. అల్లుడు అత్త మొహం చూడకూడదు, ఆమెతో మాట్లాడకూడదు. అత్త అన్నగారి విషయంలోనూ అంతే. ఇందులో కోపతాపాలు లేవు, ఉన్నదంతా మర్యాద. పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో లెస్టర్ ఆ ముసలాయన్ని వీపు వైపు నుంచి తప్ప చూడలేదు. ఆయన గురించి అతనికి తెలిసినవి రెండే. మోకాళ్ళకి రాసుకునే నీలగిరి తైలం వాసన ఒకటి, మూడుసార్లు పొడిగా దగ్గి ఆగిపోయే దగ్గు ఒకటి.

ముందు సీట్లకీ వెనక సీటుకీ మధ్య ఎప్పుడూ కట్టే పాత దుప్పటిని శిబిరంలో ఎవరో పసిబిడ్డ కింద పరిచారు. లెస్టర్ అటూ ఇటూ చూశాడు. అవతల ఆడవాళ్ళు ఆకుల కొమ్మలతో నేల ఊడుస్తున్నారు, పోయినాయన అడుగుజాడలు మిగలకుండా. ఆయన బట్టలూ పరుపూ మంట పక్కన కుప్పగా ఉన్నాయి. మధ్యాహ్నానికి తగలబెడతారు. ఆ కుప్పకి నాలుగడుగుల దూరంలో, ఒక పొద మీద బూడిదరంగు దుప్పటి ఒకటి ఆరేసినట్టుంది.

కుప్పలో లేదు కదా, అనుకున్నాడు. ఎవరిదో ఉతుకు బట్ట. తర్వాత ఇచ్చేయొచ్చు.

ఇంకొకరిని అడిగి ఉండాల్సింది. అడగలేదు. వెనక సీటు కనబడకుండా డ్రైవరు అద్దాన్ని పైకి తిప్పేసి, దుప్పటి అంచుల్ని రెండు పక్కలా తలుపుల పైసందులో బిగించి, దూరంగా వెళ్ళి నిలబడ్డాడు. అత్త వచ్చి వెనక ఎక్కింది. ముందు సీటులో నోరీన్, ఆమె కాళ్ళ దగ్గర డీజిల్.

డీజిల్ వాళ్ళ కుక్క. ఈ కథలో దాని ఉద్యోగం గురించి చెప్పాలి. నోరీన్ పక్కన లేనప్పుడు అత్తా అల్లుళ్ళ మధ్య తపాలా అదే. ఇద్దరూ దానితో మాట్లాడతారు, రెండోవాళ్ళకి వినబడుతుంది, మర్యాద చెడదు.

వంద కిలోమీటర్లు బాగానే నడిచింది. ఆ తర్వాత బండి ముందునుంచి ఆవిరి లేచింది. లెస్టర్ దిగి, చల్లారేదాకా ఆగకుండా రేడియేటర్ మూత తిప్పాడు. మరిగే నీళ్ళు ఎగజిమ్మి కుడిపాదం మీద పడ్డాయి.

"పదహారేళ్ళప్పటి నుంచీ బళ్ళు తోలుతున్నావు" అంది నోరీన్, అతని పాదానికి తడిగుడ్డ చుడుతూ. "మూత వేడిగా ఉంటుందని నీకు ఇవాళే తెలిసిందా?"

"తెలుసు. ఎంత వేడో ఇవాళ తెలిసింది."

"నడవగలవా?"

అతను నవ్వుతూ లేచి, రెండడుగులు వేసి కూర్చున్నాడు.

"సరే, ఆ వెర్రి నవ్వు ఆపు. వెనక గాలిమర దగ్గర తొట్టె ఉంది కదా, రెండు మైళ్ళుంటుంది. నేను తెస్తాను." రెండు క్యాన్లు తీసుకుంది. తెర వైపు తిరిగి, "అమ్మా, నీళ్ళకి పోతున్నా. నువ్వు దిగకు" అంది. లెస్టర్ దగ్గరికి వంగి గొంతు తగ్గించింది. "పొద్దుటి నుంచీ ఏమీ తినలేదు. టీ కూడా వద్దంది. కాస్త చెవి అటు వేసి ఉంచు."

"ఉంచుతా."

అతను బండికి అవతల, అత్తకి వీపు పెట్టి, నీడలో కూర్చున్నాడు. నోరీన్ ఎర్ర గౌను దారిలో చిన్నదై, చుక్కై, దిబ్బ వెనక మాయమైంది. అప్పుడు పడమటి వైపు చూశాడు. పొద్దున సన్నగీతలా ఉన్నది ఇప్పుడు గోడైంది. పాదాల కింద ఇసుక కదలడం మొదలైంది. పక్షి అరుపు లేదు. ఇటుకబట్టీ తెరిచినట్టు వేడి వాసన ముందొచ్చింది, వెనకాలే దుమ్ము వచ్చింది.

కుంటుకుంటూ ముందు సీటులో దూరి తలుపు వేసుకున్నాడు. మధ్యాహ్నం రెండున్నరకి బండిలో చీకటి పడింది. మామూలు చీకటైతే నల్లగా ఉంటుంది. ఇది కనురెప్పలు మూసుకుని సూర్యుడి వైపు చూస్తే కనబడే ఎరుపు. బానెట్ కనబడటం లేదు. ఇసుక అద్దాల్ని గోకుతోంది. నోరీన్ తొట్టె చాటునే ఉండి ఉంటుంది, తెలివైనది, అనుకున్నాడు. దారి మధ్యలో ఉంటేనో, అనుకోదలచుకోలేదు.

"డీజిల్" అంది వెనకనుంచి అత్త. గొంతు ఎండిపోయి ఉంది. "మీ అయ్యకి చెప్పు. ఈ కిటికీ సందులోంచి దుమ్ము వస్తోంది."

"డీజిల్, సీటు కింద పాత చొక్కా ఉందని చెప్పవే. అది కుక్కుకోమను."

కాసేపు కుక్కుతున్న చప్పుడు.

అప్పుడు వాసన వచ్చింది. మొదట దుమ్ములో కలిసి, ఉందా లేదా అన్నట్టు. తర్వాత బాగా.

నీలగిరి తైలం.

ఎడారి చెట్లకి కూడా ఆ వాసన ఉంటుంది, గాలి తెచ్చిందేమో… అద్దాలన్నీ మూసి ఉన్నాయి. డీజిల్ లేచి నిలబడింది. తెర వైపు ముక్కెత్తి, మూలగకుండా, మొరగకుండా, వెనక్కి వెనక్కి జరిగి బ్రేకు పెడళ్ళ కిందికి దూరింది.

వెనక ఎవరో దగ్గారు. పొడిగా… మూడుసార్లు.

లెస్టర్ వెనక్కి తిరగబోయి ఆగాడు.

"డీజిల్." అత్త గొంతు బాగా చిన్నదైంది. "మీ అయ్యని అడుగు… ఈ దుప్పటి ఎక్కడిది?"

"పొద మీద ఉందని చెప్పు."

"ఏ పొద మీద?"

"మంట దగ్గర."

ఇసుక గోకుతూనే ఉంది.

"అటు పక్క అంచుకి ఎర్రదారం కుట్టుందేమో చూడమను."

అతను చూశాడు. అడ్డదిడ్డంగా, ముసలి చేతి కుట్టు. "ఉంది" అన్నాడు.

"అది నేను కుట్టాను" అంది. "మా అన్నకి."

ఆ తర్వాత ఇద్దరూ ఊపిరి కూడా జాగ్రత్తగా తీసుకున్నారు. చేయాల్సింది ఇద్దరికీ తెలుసు. దుప్పటిని లాగి బయట పారేయాలి. లాగితే అత్త కనబడుతుంది. లాగకపోతే… ఆయన తన వస్తువుతో వచ్చాడు, దాని పక్కనే ఉంటాడు. తెరకి రెండు పక్కలున్నాయి. ఆయన తన చెల్లెలి పక్క కూర్చున్నాడు.

"తీసెయ్యమని చెప్పు" అంది అత్త.

"డీజిల్, నేను కళ్ళు మూసుకుంటున్నానని చెప్పు. పెద్దామెని కూడా మొహం కప్పుకోమను."

"కప్పుకున్నాను."

లెస్టర్ కళ్ళు మూసుకుని, తలుపు సందుల్లోంచి అంచులు ఊడదీసి, రెండు చేతులా దుప్పటి పట్టి లాగాడు. జానెడు వచ్చింది. ఆగింది. మళ్ళీ లాగాడు. రాలేదు. ఎక్కడో చిక్కుకుంటే గట్టిగా ఉంటుంది. ఇది అలా లేదు. అతను లాగినప్పుడు బిగుస్తోంది, సడలిస్తే సడలుతోంది.

"వదలమని చెప్పు" అన్నాడు.

"నేను పట్టుకోలేదని చెప్పు." ఒక క్షణం ఆగి, "నా చేతులు రెండూ నా మొహం మీదే ఉన్నాయి."

వెనక సీటు స్ప్రింగు కిర్రుమంది. అత్త ఉన్నది కుడివైపు. చప్పుడు ఎడమవైపు నుంచి వచ్చింది. తర్వాత మధ్యలోంచి. తర్వాత ఇంకొంచెం కుడికి.

"డీజిల్…" అంది అత్త.

చేయి చాపితే అందే దూరం. అతని వయసు ముప్పై నాలుగు, గిత్తల మెడలు వంచిన చేతులు. కళ్ళు తెరిచి, తెర దాటి, ఆమెని ముందుకి లాక్కోవచ్చు. తెరవాలనుకున్నాడు. ఆమె అడుగుల చప్పుడు వినబడితే చాలు, తల తిప్పుకునే తొమ్మిదేళ్ళ అలవాటు రెప్పల మీద కూర్చుంది. దుప్పటి పట్టుకుని కూర్చున్నాడు… అవతల ఇంకొకరు పట్టుకుని ఉన్నారు.

అప్పుడు పిలుపు వచ్చింది. కుక్కకి కాదు.

"అల్లుడా."

లెస్టర్ రెప్పలు ఇంకా గట్టిగా బిగించాడు.

"ఇటు చూడు నాయనా. సిగ్గుపడకు. ఒక్కసారి చూస్తే చాలు."

ఆడగొంతు. మెత్తగా, బతిమాలుతున్నట్టుంది. అత్తదేనా? తొమ్మిదేళ్ళలో ఆమె అతనితో ఒక్కమాట మాట్లాడలేదు. కుక్కతో మాట్లాడే ఆమె గొంతు తెలుసు. అల్లుడితో మాట్లాడితే ఎలా ఉంటుందో అతనికెలా తెలుస్తుంది? ఆమే అయితే, చూడకపోతే ఆమె పోతుంది. ఆమె కాకపోతే…

"చూడు నాయనా."

ఈసారి బాగా దగ్గర నుంచి. తెరకి ఆనుకుని. చెంప మీద ఊపిరి తగిలింది. చల్లగా ఉంది, ఆ నలభై అయిదు డిగ్రీల్లో.

అతను చూడలేదు. ఏడుస్తూ కూర్చున్నాడు. మూడోసారి పిలవలేదు. ఎప్పటికో చేతుల్లో దుప్పటి బరువు తేలికైంది. దాన్ని అప్పుడు కూడా లాగలేదు.

నోరీన్ వచ్చేసరికి దుమ్ము వెలిసింది. ఆమె వెంట్రుకలు, రెప్పలు, పళ్ళు అన్నీ ఎరుపు. క్యాన్లు దించి, వెనక తలుపు తీసింది. "అమ్మా" అని ఒక్కసారి పిలిచింది. రెండోసారి పిలవకపోవడంతోనే లెస్టర్‌కి తెలిసింది.

ముసలామె కుడివైపు తలుపుకి కరుచుకుని, మోకాళ్ళు దగ్గరికి లాక్కుని, వీలైనంత చిన్నదై ఉంది. చేతులు రెండూ మొహం మీదే ఉన్నాయి. పక్కన సీటంతా ఖాళీగా వదిలింది. రద్దీ బస్సులో కూర్చున్న మనిషిలా.

క్లినిక్ నర్సు వచ్చి, వడదెబ్బ, గుండె అని రాసుకుంది. లెస్టర్ నోరీన్‌కి దుప్పటి సంగతి చెప్పాడు. ఆమె తిట్టి ఉంటే బాగుండేది. అతని పాదానికి కట్టు మార్చి, "అమ్మ నిన్నేమైనా అడిగిందా?" అంది.

"డీజిల్‌ని కిటికీ సంగతి అడిగింది" అన్నాడు.

"నిన్ను?"

"నాతో ఎందుకు మాట్లాడుతుంది?"

మూడు వారాల తర్వాత అత్త సామాను పంచారు. అక్కడి పద్ధతి మనకి తలకిందులు. కడుపున పుట్టినవాళ్ళు ఏదీ ముట్టకూడదు, దూరపువాళ్ళకే ఇవ్వాలి. పంచడానికి దక్షిణం నుంచి ఆరువందల కిలోమీటర్లు ప్రయాణం చేసి మర్టిల్ అనే పెద్దావిడ వచ్చింది. నోరీన్‌కి వరసకి పిన్ని. మింటిజర్రాలో ఎవరి మొహమూ ఎరగదు. అందుకే ఆమెని పిలిచారు.

బట్టలు కాల్చారు. ఆమె ప్రాణం పోయిన బండి దక్షిణం వాళ్ళకి పోయింది. దుంపలు తవ్వే గడ్డపార ఆమె మేనత్త మనవరాలికి, కర్ర తొట్టెలు రెండూ తూర్పు వాళ్ళకి, టీ కాచే గిన్నె, రొట్టె పెనం ఆమె పెనిమిటి చెల్లెళ్ళకి వచ్చాయి. డీజిల్‌ని ఎవరూ అడగలేదు. అది నాలుగో రోజునే ఎటో పోయింది. ఇంటికి తాళం వేసి ఉంచి, పోయినామె నిలవకుండా ఆకుల పొగ పెట్టి, వేరే కుటుంబానికి ఇచ్చారు.

సాయంత్రం మర్టిల్ చేతులు దులుపుకుంటూ నోరీన్ పక్కన కూర్చుంది. "అయిందమ్మా. మంచం కింది చిన్న ఇనపపెట్టె ఒకటి మిగిలితే, అది కూడా ఇచ్చేశాను."

"ఎవరికి పిన్నీ?"

"ఆ చివర తల వంచుకుని కూర్చున్నాడే, మోకాళ్ళు పట్టుకుని, ఆ పెద్దాయనకి. పాపం, అందరూ తీసుకుని వెళ్ళేదాకా అడగనేలేదు. నువ్వెవరి తరఫు నాయనా అంటే పొడిగా మూడుసార్లు దగ్గాడు. మూతితో మీ ఆయన వైపు చూపించాడు."

లెస్టర్ తరఫున ఎవరూ రాలేదు. అతనిది పడమటి సీమ, అక్కడ అతనికి మిగిలినవాళ్ళు లేరు. ఇనపపెట్టెలో ఏముందో నోరీన్‌కి కూడా తెలియదు.

ఆచారం ప్రకారం నోరీన్‌కి ఏమీ రాలేదు. లెస్టర్‌కీ ఏమీ రాలేదు. అతని భాగం అతని తరఫువాడు తీసుకున్నాడు.