లోపలికి రా

నేను ఇంతకుముందు ఏదీ రాసినదాన్ని కాదు. అయిదో తరగతితో బడి మానేశాను. సరుకుల చీటీ, నేను పనిచేసే హాస్టల్ వంటగది పలక మీద రేపటి కూర పేరు, అంతకు మించి నా చేత్తో రాసిందేమీ లేదు. నలుగురిలో నోరు విప్పి చెప్పడం నాకు మొదటినుంచీ చేతకాదు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. తప్పులుంటే సర్దుకుని చదవండి.

మా అక్క పోయి ఏడాది దాటింది. పెరటి మెట్ల మీద కాలు జారిందన్నారు. బావ లారీ నడుపుతాడు, నెలకోసారి మొహం చూపిస్తాడు. అక్క కూతురికి ఆరేళ్ళు. ఒక్కచోట నిలవదని పిచ్చుక అంటాం. దాన్ని చూసుకోవడానికి నేనే వచ్చి అక్క ఇంట్లో ఉంటున్నాను.

ఒకరోజు పిల్ల తింటూ తింటూ అడిగింది. "పిన్నీ, అమ్మ గొంతు ఎలా ఉండేది?"

ముద్ద నా చేతిలోనే ఉండిపోయింది. ఏడాదికే గొంతు మర్చిపోయింది. ఇంకో ఏడాదికి మొహం కూడా మర్చిపోతుంది.

అక్క ఉన్న వీడియో ఒకే ఒక్కటి ఉంది. బావ ఎవరిదో మంచి కెమెరా అడిగి తెచ్చి తీశాడు, అక్క పోవడానికి మూడు రోజుల ముందు. అక్క ముందుగదిలో కూర్చుని పిచ్చుకకి జడ వేస్తుంటుంది. వెనకాల, వంటింటి అవతల, పెరటి తలుపు ఓరగా తీసి ఉంటుంది. తలుపు సందులో నల్లగా ఏదో వేలాడుతున్నట్టు కనిపిస్తుంది. తువ్వాలు కాబోలు అనుకున్నాను.

ఆ వీడియో బావ పాత లాప్‌టాప్‌లోకి ఎక్కించాం. ఫోటోలు బాగానే కనిపించేవి. ఈ వీడియో దగ్గరికి వచ్చేసరికి మాత్రం దాని ప్రాణం పోయేది. లోపలి ఫ్యాను మిక్సీలా అరిచేది. బొమ్మ నాలుగడుగులు వేసి ఆగేది, మళ్ళీ కదిలేది. సరిగ్గా ఒకచోట, జడ వేస్తున్న అక్క తల తిప్పి పెరటి తలుపు వైపు చూసి, "లోపలికి రా" అనగానే బిగుసుకుపోయేది. మళ్ళీ కదిలేసరికి కొంత ఎగిరిపోయి, జడకి రిబ్బను కట్టేసి ఉండేది. అక్కడేమందో గుర్తుందా అని ఫోన్లో బావని అడిగితే, జడ సంగతేదో అందిలే అన్నాడు.

అయినా మాకు అదే పదివేలు. ఆరు వారాలు, పొద్దునోసారి సాయంత్రమోసారి, ఆ ముందుగదిలోనే పెట్టుకుని చూశాం. లోపలికి రా. లోపలికి రా. పిచ్చుక ఆ ముక్క దగ్గరికి వెనక్కి జరిపి మళ్ళీ మళ్ళీ వినేది. అలా నిద్రపోయేది కూడా.

మూడో వారం నుంచి పొద్దున్నే లేచి చూస్తే పెరటి తలుపు గడియ తీసి ఉండడం మొదలైంది. పిల్లని కోప్పడ్డాను. నేను తియ్యలేదంది. ఎవరు తీస్తారే మరి, అమ్మ రమ్మంటోందని నువ్వే వెళ్తున్నావా అన్నాను. అది నన్నో తెలివితక్కువదాన్ని చూసినట్టు చూసింది.

"నన్నెందుకు రమ్మంటుంది పిన్నీ? నేను లోపలే ఉన్నా కదా."

నవ్వేశాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే కోపం వస్తోంది.

మా వీధి చివర కంప్యూటర్లు బాగుచేసే ఆయన్ని అందరూ డాక్టరు అంటారు. ఒంట్లో బాగాలేనివాళ్ళు పొరపాటున వెళ్తే, నాకు కరెంటు జబ్బులే తెలుసు అని పంపించేస్తాడు. ఈ లాప్‌టాప్‌లో విండోస్ తీసేసి, లినక్స్ అని ఇంకోటేదో ఎక్కించింది ఆయనే. మొన్న ఆదివారం పొద్దున తీసుకెళ్ళి, అక్క మాట మధ్యలో తెగిపోతోంది, పిల్లకి పూర్తిగా వినిపించాలి అని చెప్పాను. ఆ రెండు ముక్కలు చెప్పడానికి దారి పొడుగునా లోలోపల వల్లె వేసుకున్నాను.

ఆయన వీడియో పెట్టి ఏదో మీట నొక్కాడు. మూలన అంకెలు వచ్చాయి. చూపించలేక వదిలేసిన బొమ్మలట. నాలుగు వందల పన్నెండు.

"మీ వంటగదిలో ఇద్దరున్నారనుకో అక్కా. ఒకడే తరిగి, వండి, వడ్డిస్తున్నాడు. రెండోవాడు పక్కనే చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఇదీ అంతే. దీనికి వేరే గ్రాఫిక్స్ కార్డు లేదు, ఉన్నది అసలు చిప్పులోనే ఓ మూల ఉంది. దానికెవరూ పని చెప్పలేదు."

ఏదో ఎక్కించి, ప్లేయర్‌లో ఏదో మార్చి, ఇక వీడియో విప్పే పని ఆ రెండోవాడిదే అన్నాడు. కొంచెం ఆడించి చూశాడు. అంకె సున్నా. మిగతాది ఇంటికెళ్ళి పిల్లతో చూసుకో అన్నాడు.

మధ్యాహ్నం మబ్బు పట్టింది. తెర మీద వెలుతురు పడకుండా కిటికీలు మూశాను. గదిలో తడి గోడ వాసన. పిచ్చుకని ఒళ్ళో కూర్చోబెట్టుకుని వీడియో పెట్టాను.

ఫ్యాను అరవలేదు. నాకు మొదట తెలిసింది ఆ నిశ్శబ్దమే. ఇన్నాళ్ళూ ఆ రొదలో వినపడనివన్నీ వినిపించాయి. అక్క గాజులు. దువ్వెన పళ్ళు జుట్టులో దిగే చప్పుడు. అక్క వేళ్ళు నీళ్ళలా కదులుతున్నాయి. నాకు కళ్ళు నిండాయి.

"అమ్మ ఆగట్లేదు పిన్నీ" అంది పిచ్చుక, గుసగుసగా.

అక్క చేతులు ఆగాయి. తల తిప్పింది. పెరటి తలుపు వైపు చూసింది.

"లోపలికి రా..."

ఈసారి బొమ్మ ఆగలేదు.

"...నివ్వకు. దాన్ని లోపలికి రానివ్వకు."

గొంతు వణికింది. అక్క గొంతు అలా వణకడం నేనెప్పుడూ వినలేదు.

తలుపు సందులో తువ్వాలు కదిలింది.

గాలికి కాదు. గాలికైతే అంచు కదులుతుంది. ఇది మొత్తం... కొంచెం లేచి... కొంచెం దిగింది. మళ్ళీ లేచింది. ఊపిరి తీసినట్టు. ఆగి ఆగి ఆడినప్పుడు ఎలా కనిపిస్తుంది? ఒక్కో బొమ్మలో అది తువ్వాలే.

మూలన అంకె సున్నా. ఒక్క బొమ్మ కూడా వదల్లేదు.

అక్క గబగబా రిబ్బను కట్టేసింది. వీడియో అయిపోయింది. తెర నల్లబడింది.

అప్పుడు తట్టింది నాకు. ఆరు వారాలు... రోజూ... ఈ ఇంట్లో, ఈ గదిలో, అక్క గొంతుతోనే మేం ఏమని పిలిపించామో.

వంటింటి అవతల గడియ చప్పుడైంది.

చిన్నగా. ఇనుము ఇనుముకి రాసుకున్నట్టు.

పిచ్చుక నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "వచ్చేసింది పిన్నీ" అంది. భయంతో కాదు. ఎదురుచూసిన చుట్టాన్ని గురించి చెప్పినట్టు.

నేను అటు చూడలేదు. పిల్లని చంకనేసుకుని, లాప్‌టాప్ పట్టుకుని, వీధి తలుపులోంచి బయటపడ్డాను. చెప్పులు కూడా తొడుక్కోలేదు. ఆ రాత్రి హాస్టల్ వంటగదిలో, పొయ్యి పక్కన పడుకున్నాం. ఎవరడిగినా, ఇంట్లో నీళ్ళు కారుతున్నాయని చెప్పాను.

తెల్లారగానే డాక్టరు కొట్టు తెరిచేసరికి పిల్లతో సహా గుమ్మంలో ఉన్నాను. ఆ వీడియో తీసేయమన్నాను. పిల్లకి తల్లి గొంతు ఇక ఉండదని తెలిసే అన్నాను. ఆయన నా మొహంకేసి చూసి, తీసేస్తే మళ్ళీ రాదక్కా, ఒక్కసారి చూసుకోండి అని పెట్టాడు. వద్దనేలోపే మొదలైపోయింది.

గాజుల చప్పుడు. దువ్వెన. పిచ్చుక బల్ల మీదికి వంగి చూస్తోంది.

"పిన్నీ, తలుపు దగ్గర ఎవరూ లేరు."

నిజమే. తలుపు బార్లా తెరిచి ఉంది. అవతల పెరడు, ఎండ, ఖాళీ మెట్లు.

డాక్టరు చెయ్యి తీసేసే మీట మీద ఉంది. ఆ చెయ్యి పట్టుకున్నాను. పరాయి మగాడి చెయ్యి పట్టుకోవడం నా జన్మలో అదే మొదటిసారి.

"ఉంచు తమ్ముడూ. ఇప్పుడు ఇందులో మా అక్కా, పిల్లా మాత్రమే ఉన్నారు."

తెర మీద అక్క చేతులు ఆగాయి. తల మాత్రం తలుపు వైపు తిప్పలేదు. పైకెత్తింది. తిన్నగా మా వైపు చూసింది. నన్ను కాదు, పిచ్చుకనీ కాదు. మా తలల మీదుగా, మా వెనక్కి.

"లోపలికి రా..." అంటూ మొదలుపెట్టింది.

పిల్లని నా ముందుకి లాక్కుని, రెండు చేతులూ చుట్టి నిలబడ్డాను. ఆ కొట్టుకి ఉన్నది ఒకటే గుమ్మం. అది నా వీపు వెనక ఉంది.