కంకిపాడులో ఆగని బస్సు

“కండక్టరుగారూ, బస్సాపండి!”

“ఇది ఎక్స్‌ప్రెస్సండీ. కంకిపాడులో ఆగదు.”

“ఆపకపోతే మీ సీటుకే నష్టం!”

బస్సంతా గొల్లున నవ్వింది. చచ్చినట్టు విజిలేశాను. పామర్రులో ఎక్కిన ఆ అమ్మాయి ఒక్క ఉదుటున దిగి టీకొట్టు వెనక దొడ్లోకి పరుగెత్తింది. నా ఖర్మ! బెజవాడ చేరేసరికి ఆలస్యం, టైంకీపరు చేత చీవాట్లు.

పై వారం మళ్ళీ అదే అమ్మాయి, అదే కేక. ఆ పై వారమూ అంతే. పేరు అమలట. నా ప్రాణానికి దాపురించింది.

“బస్సు మీ సొంతమనుకుంటున్నారా?” అని ఒకరోజు అరిచేశాను.

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా తల దించలేదు.

“నేనేమన్నా సరదాకి దిగుతున్నానా? మూత్రసంచి నిండకముందే నిండిందని నరాలు తొందరపెడుతున్నాయట. టీచరుద్యోగం వచ్చినా, పిల్లల ముందు పీరియడంతా నిలబడలేనని చేరలేదు. బెజవాడలో డాక్టరుగారు నడుం కింద నరాలకి సన్నగా కరెంటు పెడుతున్నారు. చీమలు పాకినట్టుంటుంది. నయమయ్యేదాకా ఇంతే. తిట్టుకోండి!”

నామీద నాకే ఒళ్ళు మండింది.

ఆ తరవాత ఆమె అడక్కముందే కంకిపాడులో విజిలేసేవాణ్ణి. “ఇంజను వేడెక్కింది, నీళ్ళు పొయ్యాలి!”

“నా ఇంజన్ని నా ముందే తిడతావేంట్రా, ఆమోసూ?” అని డ్రైవరు వెంకటప్పయ్య బాబాయి రుసరుసలాడేవాడు. జనం నన్ను తిట్టిపోసేవారు. అమల మాత్రం తిరిగొచ్చి ఎక్కేటప్పుడు చిన్నగా నవ్వేది. ఆ నవ్వు కోసం వారమంతా కాచుకునే వెర్రివాణ్ణయిపోయాను.

ఓ వానరోజు మామూలుగానే బస్సాపించాను. అమల కదల్లేదు.

“దిగరేం? గొడుగిస్తాను, మొహమాటపడకండి.”

“అబ్బ! అవసరం లేదండీ. నెమ్మదించింది. ఇవాళే ఆఖరి కరెంటు. సోమవారం బళ్ళో చేరుతున్నాను. ఇక బెజవాడ రానక్కర్లేదు.”

సంతోషించాలా? నాకు కోపం ముంచుకొచ్చింది. “అంత తొందరగా నయం చెయ్యమని ఆ డాక్టర్ని ఎవరడిగారు?” అని నోరు జారాను.

ఆమె నా మొహంలోకే చూస్తూ ఉండిపోయింది. నేను అటు తిరిగి “రైట్ రైట్” అన్నాను.

సాయంత్రం తిరుగు ట్రిప్పులో అదే సీట్లో కూచుంది. టిక్కెట్టు కొట్టిచ్చి మాట్లాడకుండా వెళ్ళిపోయాను. మాట్లాడి ఏం లాభం? పామర్రులో దిగిపోతే మళ్ళీ కనపడదు. వాన తగ్గలేదు. కంకిపాడు వచ్చింది.

“కండక్టరుగారూ, బస్సాపండి!”

గాభరాగా విజిలేసి పరుగెత్తాను. “ఏమైందండీ? నయమైందన్నారుగా?”

“నయమైంది. టీ తాగుదామని.”

“టీయా! బస్సు మీ సొంతమనుకుంటున్నారా?”

“బస్సెందుకండీ నాకు? కండక్టరు చాలు,” అంటూ గొడుగందుకుంది.

జనం అరవబోయేంతలో వెంకటప్పయ్య బాబాయి ఇంజను ఆపేశాడు.

“నీళ్ళు పొయ్యాలిరా, వేడెక్కింది! తొందరేం లేదు, ఇద్దరూ తాగి రండి.”