డ్రమ్ము కింద పచ్చగడ్డి

ఆ గురువారం పొద్దున్న మరియమ్మ మెట్లెక్కి వచ్చేసరికి సిల్వియా ఇంకా టేబుళ్ళు తుడవడం పూర్తి చెయ్యలేదు. వచ్చినావిడ గుమ్మంలోనే చెప్పులు విడిచి, కుర్చీ చూపించినా కూర్చోకుండా, చేతిసంచిని గుండెకి ఆనించుకుని నిలబడింది.

"డిటెక్టివు గారంటే మీరేనాండీ?"

"నేను కాదండి, సార్ లోపలున్నారు. ముందు మంచినీళ్ళు తాగండి," అంది సిల్వియా.

ఏలూరు పవర్‌పేటలో కుట్టుమిషన్ల దుకాణం మీదున్న ఆ రెండు గదుల ఆఫీసు సూర్యప్రకాశరావు గారిది. తూనికలు కొలతల శాఖలో ముప్పయ్యేళ్ళు పనిచేసి రిటైరయ్యాక ఆయన పెట్టుకున్న వ్యాపకం. వచ్చే కేసుల్లో చాలామటుకు పెళ్ళికొడుకుల గురించి వాకబులే. అయినా సిల్వియా బీఎస్సీ పూర్తిచేసి, ఇంట్లోవాళ్ళు బీఈడీ చదవమంటున్నా వినకుండా, రెండేళ్ళుగా ఆయన దగ్గరే ఉండిపోయింది. ఆయన అన్న ప్రతి మాటా నోటుబుక్కులో రాసుకునేది. కొలవనిదే ఏమీ అనకూడదన్నది ఆయన నియమం. ఆ ముక్క మొదటి పేజీలోనే ఉంది.

మరియమ్మ కూర్చున్నాక మాట కూడదీసుకుంది.

"మా ఆయన యాకోబు కైకలూరు దగ్గర ప్రదీప్ బాబు గారి చెరువుల మీద పదకొండేళ్ళుగా డ్రైవరండి. అంతకుముందు వాళ్ళ నాన్నగారి పడవల మీద పనిచేశారు. ఈ మధ్య బాబుగారు పెద్ద ఫారిన్ బండి కొన్నారు. డీజిలు కాదండి, పెట్రోలుది. పోయిన శుక్రవారం ఇంటిల్లిపాదినీ తాడేపల్లిగూడెం తీసుకెళ్తుంటే దారిలో ఆగిపోయింది. మెకానిక్కు ట్యాంకు విప్పి సీసాలోకి పడితే అడుగున నీళ్ళు తేలాయంట. పెట్రోలు అమ్ముకుని నీళ్ళు పోశాడని నలుగురిలో అనేశారండి."

"ఇప్పుడేమంటున్నారు?" అడిగారు సూర్యప్రకాశరావు గారు.

"ఆదివారం లోపల ఒప్పుకుని తాళాలిచ్చెయ్యమన్నారు. లేకపోతే పోలీసు కంప్లైంటంటండి."

"మీ ఆయనో?"

"తియ్యలేదంటారు. అంతకుమించి నోరు విప్పరు. మా సంఘంలో ఆయన పెద్దండి. ఆదివారం వాక్యం చదివే వంతు ఆయనదే. చదవనంటున్నారు. దొంగ అనిపించుకున్న నోటితో ఎలా చదివేదంటారు." ఆవిడ చెంగుతో ముఖం తుడుచుకుంది. "ఉద్యోగం పోతే పోనివ్వండి, ఇంకోటి దొరుకుతుంది. ఆయన పేరు ఆయనకి ఇప్పించండి చాలు."

సూర్యప్రకాశరావు గారు హెల్మెట్ అందుకున్నారు. సిల్వియా నోటుబుక్కు తీసుకుని వెంట బయల్దేరింది.

మరియమ్మ చెప్పిన ప్రకారం ఆ పెట్రోలు ఏలూరు పొలిమేరలోని ఒక బంకులో పట్టినది. ఆయన స్కూటరు అక్కడే ఆపి, రెండు లీటర్లు పోయించి, ఒక సీసాలో మరో లీటరు తీసుకున్నారు. ఆయన దృష్టి మాత్రం స్తంభానికి కట్టిన చిన్న బోర్డు మీద ఉంది. దానిమీద సగం దాకా దండ వేలాడుతోంది. సిల్వియా దండ పక్కకి జరిపి చదివింది: ఇక్కడ ఐదు శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు అమ్మబడును.

"ఎప్పట్నించండీ ఇది?" అని ఆయన అడిగితే, "పోయినేడాది చివర్నించండి. ఎవరూ చదవరు," అన్నాడు బంకు మనిషి.

కైకలూరు దాటి చెరువు గట్టు ఎక్కేసరికి తవుడూ చెక్కా కలిపిన చేపల మేత వాసన ఎదురొచ్చింది. గట్టు మీద చిన్న డాబా, దాని పక్కన రేకుల షెడ్డు. వేపచెట్టు నీడలో నల్లటి ఎస్‌యూవీ, ఏనుగు మోకాళ్ళ మీద కూర్చున్నట్టు ఉంది.

ప్రదీప్‌కి ముప్పై అయిదేళ్ళుంటాయి. మర్యాదస్తుడే. టీ తెప్పించి, తన వైపు మాట వరసగా చెప్పుకొచ్చాడు.

"దీని ట్యాంకే తొంభై లీటర్లు సార్. అస్తమానం బంకుకి పోలేక ఒక్కసారే డ్రమ్ముడు పెట్రోలు తెప్పించి షెడ్డులో ఉన్న పాత డ్రమ్ములో పోయించి ఉంచుతున్నాం. నాన్నగారికి అది పాత అలవాటు. ఆయన పడవలు తిప్పే రోజుల్లో ఇంజన్లకి పెట్రోలు అలాగే నిలవ ఉంచేవారు. షెడ్డు తాళాలు రెండు. ఒకటి నాన్నగారి మొలతాడుకి, ఒకటి యాకోబు దగ్గర."

"ఇది ఎన్నో డ్రమ్ముడు పెట్రోలు?"

"మూడోది. మొదటి రెండిటికీ ఏ పేచీ లేదు. మూడోది తెచ్చి, మొదటిసారి బండిలో పోసిన రోజే ఇలా జరిగింది."

"బంకులోనే కలిసి ఉంటే?"

"అదీ చూశాను సార్." ప్రదీప్ రెండు సీసాలు తెచ్చి పెట్టాడు. ఒకటి డ్రమ్ముతో పాటే బంకులో పట్టించినది. అద్దంలా తేటగా ఉంది. రెండోది బండి ట్యాంకులోంచి మెకానిక్కు తీసినది. దాన్లో స్పష్టంగా ఒక గీత. పైన పెట్రోలు, కింద నీళ్ళు.

సూర్యప్రకాశరావు గారు జేబులోంచి సిరంజి తీసి, సూది సీసా అడుగు దాకా దించి, కాస్త లాగారు. అది సిల్వియా ముక్కు దగ్గర పెట్టారు.

"ఏం గుర్తొస్తోంది?"

"ఇంజెక్షన్ చేసేముందు దూదితో రుద్దుతారు కదండీ, అది."

ఆయన వరండా మెట్ల కిందకి దిగి, స్టీలు చెంచాలో నాలుగు చుక్కలు వేసి అగ్గిపుల్ల గీశారు. నీలంగా, కనపడీ కనపడకుండా ఒక మంట లేచి, కాసేపుండి ఆరింది.

"పైనున్న పెట్రోలు సూదికి అంటుకుని ఉంటుంది సార్," అన్నాడు ప్రదీప్.

"ఉండచ్చు," అన్నారు ఆయన.

షెడ్డులో డ్రమ్ము ఇటుకల మీద నిలబెట్టి ఉంది. పెట్రోలు లాగే రబ్బరు గొట్టాన్ని ఒక వెదురుకర్రకి కట్టి లోపల దించారు. కర్ర అడుగుకి ఆనుతుంది. సూర్యప్రకాశరావు గారు కర్ర బయటికి తీసి కొలిచారు. గొట్టం కొస అడుగునుంచి సరిగ్గా నాలుగంగుళాల పైన ఉంది. డ్రమ్ము అడుగు అంచు తుప్పు పట్టి, అక్కడక్కడ బట్టలసబ్బు మెత్తిన మచ్చలున్నాయి. సిల్వియా చీర కుచ్చిళ్ళు సర్దుకుని మోకాళ్ళ మీద కూర్చుని ఇటుకల మధ్యకి చూసింది.

"సార్, ఇక్కడ గడ్డి మొలిచింది. షెడ్డంతా ఎండిన మట్టి. దీని కిందే పచ్చగా ఉంది. కొసలు మాత్రం ఇప్పుడిప్పుడే పసుపెక్కుతున్నాయి."

"రాసుకో," అన్నారు ఆయన. ఆయన సంతోషం అంతకన్నా బయటికి రాదని సిల్వియాకి తెలుసు.

కాపలాదారు జ్ఞానయ్య అడక్కుండానే వచ్చాడు.

"నేను చూసింది నేను చెప్తానండి. డ్రమ్ము వచ్చిన మూడుసార్లూ యాకోబు బిందెతో నీళ్ళు షెడ్డులోకి మోశాడు. చేతులు కడుక్కోడానికి చెంబు చాలదాండీ?"

"నీకూ యాకోబుకీ మాటలున్నాయా?"

"మొన్నటిదాకా ఒకే కంచంలో తిన్నామండి. ఏం చెయ్యను, కళ్ళతో చూశాను కదా."

యాకోబు గట్టు చివర, తూము దగ్గర కూర్చుని ఉన్నాడు. పొడుగాటి మనిషి, తెల్లబడ్డ మీసం. బిందె సంగతి అడిగితే దాచలేదు.

"మోశానండి. ఎందుకని మాత్రం అడగద్దు, మాటిచ్చాను. కానీ ఆ నీళ్ళు బండిలోకి వెళ్ళలేదండి. వెళ్ళవు కూడా."

"వెళ్ళవని అంత గట్టిగా ఎలా చెప్తావు?"

"కళ్ళారా ఎన్నో ఏళ్ళు చూశానండి," అన్నాడు. లేచి గట్టు దిగి వెళ్ళిపోయాడు.

ప్రదీప్ తండ్రి పాండురంగారావు గారు వరండాలో నవారు మంచం మీద పేపరు చదువుతున్నారు. డెబ్బై దాటినా గొంతు గట్టిది.

"ఏవండీ, కొలతల శాఖ వారట. అయితే మీకు చెప్పక్కర్లేదు. ముప్పయ్యేళ్ళు పడవలకి పెట్రోలు నిలవ ఉంచాను. ఒక్క చుక్క నేలపాలు చెయ్యలేదు."

"అడుగు తుప్పుపట్టిన డ్రమ్ములో కూడానాండీ?"

"తుప్పు సంగతి నాకు తెలుసు. దాంట్లోంచి పెట్రోలు కారదు." ఆయన పేపరు మడిచారు. "యాకోబు తీశాడంటే నాకూ నమ్మబుద్ధి కావట్లేదు. కానీ నీళ్ళు వాటంతటవే నడిచెళ్ళవు కదండీ."

తిరిగొచ్చేటప్పుడు గాలి హోరులో సిల్వియా గట్టిగా అడిగింది.

"సార్, జ్ఞానయ్య అబద్ధం చెప్పాడంటారా?"

"ఇవాళ మనతో ఎవరూ అబద్ధం చెప్పలేదు. అదే ఈ కేసులో చిక్కు. మీ ఇంట్లో పొడుగాటి గాజు ఊరగాయ జాడీ ఉందా?"

"ఉందండి. మా అమ్మ ఇవ్వదు."

"అడిగి చూడు."

శనివారం మధ్యాహ్నం మూడింటికి అందరూ డాబా వరండాలో చేరారు. పాండురంగారావు గారు మంచం మీద, ప్రదీప్ కుర్చీలో, జ్ఞానయ్య స్తంభానికి ఆనుకుని. యాకోబూ మరియమ్మా మెట్ల దగ్గర నిలబడ్డారు. తిరిగి పచ్చడికి వాడనని ఒట్టు వేయించుకుని తల్లి ఇచ్చిన జాడీని సిల్వియా బల్ల మీద పెట్టింది.

"పెద్దాయనగారూ," అన్నారు సూర్యప్రకాశరావు గారు, "ఒక్క ప్రశ్న. డ్రమ్ములో నీళ్ళు ఎంత ఎత్తు పోయించారు?"

ప్రదీప్ తన తండ్రి వైపు తిరిగాడు. ముసలాయన తడబడలేదు.

"రెండంగుళాలు. తర్వాత డ్రమ్ము వచ్చినప్పుడల్లా కారిన మేరకు రెండు చెంబులు. ఇందులో తప్పేముంది? పెట్రోలు తేలిక, నీళ్ళు బరువు. నీళ్ళు అడుగున కూర్చుంటాయి. తుప్పు కంతల్లోంచి కారితే నీళ్ళు కారతాయి గానీ పెట్రోలు కారదు. గొట్టం నాలుగంగుళాల మీద ఉంటుంది కాబట్టి నీళ్ళు అందవు. పడవల వాళ్ళం అందరం ఇలాగే చేసేవాళ్ళం."

"మరి నాతో ఎందుకు చెప్పలేదు నాన్నా?"

"చెప్తే పాతిక లక్షల బండికి పడవ వైద్యమా అని డ్రమ్ము అవతల పారేస్తావు. యాకోబుని కూడా నోరెత్తద్దన్నాను. ఆ నీళ్ళకీ దీనికీ సంబంధం లేదు కాబట్టి నేనూ ఎత్తలేదు."

"ఆ నమ్మకమే యాకోబుదీను," అన్నారు డిటెక్టివు. "కంతల్లోంచి కారేది నీళ్ళేనని గడ్డే చెప్పింది. పెట్రోలు కారే చోట గడ్డి మొలవదు. మీ లెక్క ముప్పయ్యేళ్ళూ నిజమే. పెట్రోలు మారిపోయింది. ఇటు చూడండి."

ఆయన జాడీలో నీలం సిరా కలిపిన నీళ్ళు పోసి, నీటిమట్టం దగ్గర సిల్వియా చేత దారం కట్టించారు. దాని మీద బంకునుంచి తెచ్చిన పెట్రోలు పోసి, మూత బిగించి, బాగా కుదిపి బల్ల మీద పెట్టారు. మసకబారినదంతా మెల్లగా తేరుకుంది. నీలం దారం దాటి పైకి వచ్చి నిలబడింది.

జ్ఞానయ్య వంగి చూశాడు. "నీళ్ళు పెరిగాయండి."

"నీళ్ళు పెరగలేదు. ఇప్పటి పెట్రోల్లో నూటికి అయిదు వంతులు ఇథనాల్, అంటే చెరకు మడ్డినుంచి తీసిన స్పిరిట్టు ఉంది. దానికి పెట్రోలు కన్నా నీళ్ళంటే ఇష్టం. కింద నీళ్ళు కనపడగానే పెట్రోల్ని వదిలేసి అందులోకి దిగిపోతుంది. మొదటి డ్రమ్ముతో మీ రెండంగుళాలు మూడయ్యాయి. రెండో డ్రమ్ముతో ఇంచుమించు నాలుగు. మూడోది పోసేసరికి గొట్టం కొస మునిగిపోయింది. శుక్రవారం పొద్దున్న యాకోబు లాగినప్పుడు ముందు వచ్చింది పెట్రోలు కాదు, ఈ నీలం భాగం. అందులో సగం దాకా స్పిరిట్టే కాబట్టి చెంచాలో నీలంగా మండింది, పెట్రోలైతే పసుపుగా పొగతో మండేది. అదే కారడం మొదలయ్యాక గడ్డి కొసలు మాడాయి."

"ఇది జాడీ కదండీ. డ్రమ్ములో అలాగే జరిగిందని ఏమిటి రుజువు?" అన్నారు పాండురంగారావు గారు. కోపంగా కాదు, లెక్క తెలిసిన మనిషి అడిగినట్టే అడిగారు.

అందరూ షెడ్డుకి నడిచారు. సూర్యప్రకాశరావు గారు పొడుగాటి గాజు గొట్టాన్ని డ్రమ్ము అడుగుదాకా దించి, పై కొస బొటనవేలితో మూసి బయటికి తీశారు. గొట్టంలో గీత కనిపిస్తోంది. టేపు పెట్టి ముసలాయన చేతికే ఇచ్చారు.

"నాలుగు," అన్నారు పాండురంగారావు గారు. మళ్ళీ కొలిచారు. "నాలుగే."

"మీరు పోయించింది రెండు. నాలుగు పైన ఉన్నది బండి తాగింది. రబ్బరు గొట్టం కొస దగ్గరికి దిగగానే గీత ఆగిపోయింది. ఎవరో దొంగతనంగా బండి ట్యాంకులో నీళ్ళు పోసి ఉంటే, ఇక్కడ గీత అంత కచ్చితంగా కొస దగ్గరే ఆగదు. డ్రమ్ములోనే పోసి ఉంటే, చెంచాలో అది అలా మండేది కాదు."

పాండురంగారావు గారు టేపు చుట్టి తిరిగిచ్చేశారు. ప్రదీప్ యాకోబు దగ్గరికి వెళ్ళి ఏదో అనబోతే, ముసలాయన చెయ్యెత్తి ఆపారు.

"ఉండరా. ముందు నేను. యాకోబూ, నీ మీద నింద పడ్డప్పుడైనా నా మాట దాటి చెప్పచ్చు కదయ్యా."

"మీరు చెప్పద్దన్నారు కదండీ," అన్నాడు యాకోబు.

"నన్ను క్షమించు యాకోబూ," అన్నాడు ప్రదీప్. "నలుగురిలో అన్నాను."

"నలుగురిలో అన్నది నాలుగు గోడల మధ్య తీరదు," అన్నారు పాండురంగారావు గారు. "అమ్మా మరియమ్మా, రేపు మీ ప్రార్థన ఎన్నింటికి?"

ఆదివారం తొమ్మిదింటికి నల్లటి పెద్ద బండి ప్రార్థన మందిరం ముందు ఆగింది. సిల్వియా తన సంఘాన్ని ఆ వారానికి వదులుకుని వచ్చి ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చుంది. పాండురంగారావు గారు చెప్పులు విడిచి గుమ్మం లోపల నిలబడ్డారు. ఉపన్యాసం ఇవ్వలేదు. యాకోబు ఏమీ తియ్యలేదనీ, పొరపాటు తనదనీ, తన కొడుకు అన్న మాట తప్పనీ చెప్పి, కూర్చోడానికి చోటడిగారు. ఎవరో కుర్చీ తెస్తుంటే వద్దని చాప మీదే చతికిలబడ్డారు.

యాకోబు లేచి వాక్యం చదివాడు. మొదటి రెండు మాటలు వెనక్కెళ్ళి మళ్ళీ చదివాడు. తర్వాత సాఫీగా సాగింది. మరియమ్మ తల మీద ముసుగు సర్దుకుంటూ అటూ ఇటూ కూర్చున్నవాళ్ళందరినీ ఒకసారి చూసుకుంది.

మందిరం నుంచి బండి నేరుగా ఏలూరు పొలిమేరలోని ఆ బంకుకే వచ్చి ఆగింది. సూర్యప్రకాశరావు గారి స్కూటరు వెనక కూర్చున్న సిల్వియాకి అంతా కనపడుతోంది. పాండురంగారావు గారు దిగి, స్తంభం దగ్గరికి వెళ్ళి, దండ పక్కకి తోసి, కళ్ళజోడు పెట్టుకుని బోర్డు మొత్తం చదివారు.

"నిండా పోయించు యాకోబూ," అన్నారు వెనక్కి తిరిగి. "ఆ డ్రమ్ము రేపు రెండుగా కోయించెయ్యి. మేత కలుపుకోడానికి పనికొస్తుంది."