పన్నెండో కాపీ

"నంబరేదీ?"

అచ్చు ప్రెస్ అమ్మాయి గొంతు మామూలుగానే ఉంది. కళ్ళే మామూలుగా లేవు.

"ఏ నంబరండీ?" అన్నాడు ఫ్రేముల షాపు యజమాని.

"బొమ్మ కింద, ఎడమవైపు, పెన్సిల్‌తో. పన్నెండు, గీత, నలభై."

అతనికి అప్పుడు గుర్తొచ్చింది. పొద్దున్నే రబ్బరు పెట్టి దాన్ని శుభ్రంగా తుడిచేసింది తనే. కొలతలు కాగితం అంచునే రాసుకోవడం, ఫ్రేము బిగించేముందు చెరిపేయడం పదేళ్లుగా అతనికి అలవాటు. పోస్టర్లకు ఆ అలవాటు చెల్లిపోయింది. పెన్సిలు గీత కనిపిస్తే చాలు, చెయ్యి ఆగదు.

"తుడిచేశాను. నా కొలతలే అనుకున్నా."

"ఈ బొమ్మ నలభై అంగుళాలుందా?"

"లేదు."

"మరి?"

మరేముంది! సాయంత్రం ఈవిడ వస్తుంది, నీలం చొక్కా వేసుకోవాలా తెల్లది వేసుకోవాలా అని పొద్దుట్నుంచీ ఒకటే సతమతం. బుర్ర అక్కడుంటే చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. ఆ సంగతి ఇప్పుడు చెబితే కొట్టినా కొడుతుంది.

అది పేరున్న చిత్రకారిణి ఒకావిడ గీసిన బొమ్మ. అందులో చెట్టూ పుట్టా మనిషీ ఏమీ ఉండవు. రెండు నల్లటి మరకలు, వాటి మధ్య ఎటో వెళ్ళిపోతున్న ఎర్రగీత. ఆవిడ దాన్ని రాయి మీద గీస్తే, ఈ అమ్మాయి ఆ రాయికి ఇంకు పట్టించి అమ్మకానికి నలభై కాగితాలు అచ్చు తీసింది. ఆ నలభైలో ఇది పన్నెండోది. ఆ తర్వాత రాయిని అరగదీసేశారు. ఇక దేవుడు దిగొచ్చినా ఇంకొకటి రాదు.

"ఆవిడ చేతే మళ్ళీ రాయిస్తే?"

"రుద్దినచోట కాగితం ఎలా లేచిందో చూడండి. కొన్నాయన భూతద్దం పెట్టుకుని మరీ చూస్తాడు."

తిడుతుందేమోనని ఎదురుచూశాడు. ఒక్క మాటైనా అనకుండా కాగితం తీసుకుని వెళ్ళిపోయింది. అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది. ఏడాదిగా వారానికి రెండుసార్లు వచ్చే మనిషి, ఇక ఈ గుమ్మం తొక్కదేమో! షాపు పరువు సంగతి అతనికి గుర్తే రాలేదు.

మర్నాడు ఉదయం ఆమె మళ్ళీ వచ్చింది. చేతిలో అదే బొమ్మ, కింద నిక్షేపంలాంటి పన్నెండో నంబరు.

"ఇదెక్కడిదండీ?"

"ఉందిలెండి. ముందు ఆ రబ్బరు నా చేతికిచ్చి, తర్వాత ఫ్రేము కట్టండి."

ఎంత అడిగినా అంతకుమించి చెప్పలేదు. అతనికి తిండి సయించలేదు, నిద్ర పట్టలేదు. ఆ మరుసటి రోజు ఫ్రేము కట్టిన బొమ్మ పట్టుకుని, క్షమాపణ చెప్పుకుందామని నేరుగా చిత్రకారిణి ఇంటికే వెళ్ళాడు.

"చెరిపింది నేనేనండీ," అన్నాడు గుమ్మంలోనే.

పెద్దావిడ కళ్ళజోడు సర్దుకుంది. "అదేంటి? చెరిపింది తనేనని చెప్పిందే ఆ పిల్ల! నేను నోటికొచ్చినట్టు తిట్టాను కూడా."

"తనా?"

"అచ్చు తీసినవాళ్లకి ఆ నలభై కాక, నంబరు లేని కాపీ ఒకటి ఇవ్వడం మా ఆనవాయితీ. అలా తనకొచ్చినదాన్ని తెచ్చి, పన్నెండో నంబరు దీనికి వెయ్యండమ్మా అని నా ముందు పెట్టింది. ఇదిగో, నువ్వు పాడుచేసింది. దీన్ని చింపెయ్యాలి, అదీ ఆనవాయితీయే."

ఆవిడ రెండు చేతులతో కాగితం పట్టుకోగానే అతనికి ప్రాణం పోయినంత పనైంది.

"ఆగండాగండి! అచ్చు తీసినవాళ్లకి ఇచ్చేదానికి నంబరుండదన్నారుగా? దీనికీ లేదుగా ఇప్పుడు!"

పెద్దావిడ అతన్ని ఎగాదిగా చూసింది. తర్వాత పకపకా నవ్వి కాగితం చేతిలో పెట్టింది.

"గడుసువాడివే. వెళ్ళు, నువ్వే ఇచ్చిరా."

అతను ప్రెస్సుకి బయల్దేరేసరికి వాన మొదలైంది. కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి చొక్కా లోపల దాచుకుని, తను మాత్రం నిలువునా తడిసి వచ్చాడు. ఆమె మోచేతుల దాకా బురదతో ఏదో రాయి రుద్దుతోంది. బొమ్మ చూడగానే ఆ చేతులు ఆగిపోయాయి.

"ఎవరు వెళ్ళమన్నారు మిమ్మల్ని?"

"నా తప్పు నెత్తిన వేసుకోమని మిమ్మల్నెవరన్నారు?"

"మీ పేరు చెబితే ఆవిడ ఇక బొమ్మలు మీ షాపుకి పంపనివ్వదు. నేను ఇంకో షాపు చూసుకోవాలి."

"చూసుకుంటే?"

"అక్కడ ఎవరుంటారో ఏమో!" అని చటుక్కున తల దించుకుంది. బురద లేనిచోటల్లా మొహం ఎర్రబడింది.

అతను కాగితాన్ని పొడి బల్ల మీద పరిచాడు. "దీనికి మంచి ఫ్రేము కడతా. ఎక్కడ తగిలిస్తారు?"

"ఎక్కడా తగిలించలేను. నాది అద్దె గది. మేకు కొడితే ఓనరమ్మ ఊరుకోదు."

"మా హాల్లో పెద్ద గోడ ఖాళీగా ఉంది. కాకపోతే బొమ్మకి అర్థమేంటో మా అమ్మకి మీరే దగ్గరుండి చెప్పాలి. రోజూ."

"రోజూనా?"

"ఆవిడకి మతిమరుపు."

"పాపం, ఇష్టమని నేరుగా చెప్పలేక కన్నతల్లికి మతిమరుపు అంటగడతారా?"

"మీరంటే నాకు ఇష్టం," అన్నాడు అతను, గుక్క తిప్పుకోకుండా.

ఆమె చేతులు కడుక్కుంది. తీరిగ్గా, ఒక్కో వేలూ తుడుచుకుంది.

"ఆదివారం వస్తాను," అంది చివరికి. "మేకు మీరు కొట్టండి. అమ్మగారి సంగతి నేను చూసుకుంటా."